మగ్గాలు ఆగిన పూట

కట్టమ్మకు గాలి సోకిందని మా గల్లీలో అనని నోరు లేదు. నేను మాత్రం అలా అనలేదు. పిచ్చి అన్నాను, అది కూడా ఆమె మొహం మీదే అన్నాను. ముందొక మాట వెనకొక మాట అనే అలవాటు నాకు లేదు. శోభారాణికి నోరెక్కువ అంటారు. ఉన్న నోరును ఏం చేసుకోమంటారు, అటక మీద పెట్టుకోమంటారా?

మాది వరంగల్ కొత్తవాడ. ఇక్కడ జంపఖానాలు నేస్తాం. పెళ్ళిలోనో మీటింగులోనో మీరు కూర్చున్న చారల జంపఖానా మా ఇంట్లో నేసిందే కావచ్చు, చెప్పలేం. కట్టమ్మది మా పక్కిల్లు. రెండిళ్ళకూ నడుమ ఒకటే గోడ. గోడకు ఇవతల నా భర్త యాదగిరి మగ్గం, అవతల కట్టమ్మ గది. ఆ గది వెనక గోడకు ఆనుకుని ఉప్పలయ్య మామ మగ్గం. పొద్దున లేస్తే గల్లీ అంతా ధన్ ధన్ అంటూనే ఉంటుంది. కొత్తగా వచ్చిన చుట్టాలు చెవులు మూసుకుంటారు. మాకు మాత్రం ఆ చప్పుడు వినిపించదు. పుట్టినప్పటి నుంచీ ఉన్నదాన్ని ఎవరు వింటారు? మా దగ్గర మగ్గాలు ఆగేది ఎవరైనా పోయినప్పుడే. శవం గల్లీ దాటేవరకు ఎవ్వరూ మగ్గం పలక ముట్టరు. అందుకే చప్పుడు ఆగిందంటే తలుపు తీసి ఎవరు పోయారని అడుగుతాం.

కట్టమ్మ పుట్టింది పాలకుర్తి దగ్గర. సన్నటి మనిషి, మాట తక్కువ, పని ఎక్కువ. కొత్త కోడలుగా వచ్చినప్పుడు గుంట మగ్గం మీద ఆమె చేతివాటం చూడటానికి మగవాళ్ళు కూడా గుమ్మంలో నిలబడేవారని మా అత్త చెప్పేది. గుంట మగ్గమంటే నేలలో గుంట తవ్వి, కాళ్ళు అందులోకి వదిలి కూర్చుని నేసేది. నేసిన బట్ట చుట్టుకునే కర్ర దూలం సరిగ్గా పొట్టకు ఆనుకుని ఉంటుంది. అడ్డపోగు పోయిన ప్రతిసారీ బరువైన పలకను ఒళ్ళోకి లాగి దిగ్గొట్టాలి. ఆ దెబ్బ దూలానికి, దూలం నుంచి పొట్టకు తగులుతుంది. నేసేవాళ్ళకు అది దెబ్బ అని కూడా తెలియదు.

నేను కాపురానికి వచ్చేసరికి ఆమె మగ్గం దిగిపోయింది. నూలు కండెలు చుట్టేది, తెగిన పోగులు ముడేసేది, అంచులు కుట్టేది. గుంటలో మాత్రం కాలు పెట్టేది కాదు. ఎందుకని అడిగితే మా అత్త "నీకెందుకే" అని కసిరింది. ఎందుకో చాలా ఏళ్ళకు కట్టమ్మే చెప్పింది. ఒక్కసారే చెప్పింది.

మొదటి కాన్పప్పుడు నెలలు నిండుతున్నా ఆమె మగ్గం మీదే ఉంది. గుంటలో కూర్చుంటే కాన్పు సులువవుతుందని వాళ్ళ అత్త నమ్మకం. ఆమెకూ అదే నమ్మకం. పైగా బిడ్డ మంచి హుషారు. పలక దిగ్గొడితే చాలు, లోపల నుంచి తన్నేవాడు. "వీడు గూడ నేస్తాండు సూడు" అని మొగుడు పాండురంగం చేయి పట్టి పొట్ట మీద పెట్టి నవ్వేదట. నొప్పులు వచ్చాయి, మంత్రసాని వచ్చింది, మగపిల్లవాడు పుట్టాడు. ఏడవలేదు. కట్టమ్మకు చూపించను కూడా లేదు. చచ్చి పుట్టిన బిడ్డ మొహం తల్లి చూస్తే మళ్ళీ కడుపు నిలవదని ఎవరో పెద్ద తెలివి వెలగబెట్టారు. గుడ్డలో చుట్టి అటునుంచి అటే తీసుకుపోయారు.

"నిన్న పొద్దుమీకి దాంక తిరిగిండు. నా చెయ్యికి తెల్వదా? నొప్పులల్లనే పోయిండు" అని ఆమె అంటే, "ఔ బిడ్డా, నొప్పులల్లనే పోయిండు. దేవుడే ఇచ్చిండు, దేవుడే తీస్కపోయిండు" అని అందరూ అన్నారు. ఆ మాట పట్టుకునే లేచి తిరగగలిగింది. కానీ ఆ రోజు మంత్రసాని వాకిట్లో చేతులు కడుక్కుంటూ వాళ్ళ అత్తతో అన్న ముక్క ఒకటి తలుపు సందులోంచి ఆమె చెవిన పడింది. "తోలు ఊడొస్తాంది. ఎన్నడో పోయిండు."

ఎన్నడో అంటే ఎన్నడు? అత్తను అడిగితే కలగన్నావంది. మంత్రసానిని అడిగితే నేనెప్పుడన్నానంది. నిన్నటిదాకా తన్నిన బిడ్డ ఎన్నడో ఎట్లా పోతాడు? ఆ తర్వాత దీప పుట్టింది, బతికింది, చదువుకుంది. పాండురంగం అన్న పోయాడు. కట్టమ్మ గుంట పూడ్పించి పైన బండలు వేయించింది. ఇన్నేళ్ళూ ఆ రెండు మాటల నడుమే ఆమె నలిగింది. కండె చుడుతూ చుడుతూ చటుక్కున ఆగిపోయేది. చేయి పొట్ట మీద పెట్టుకుని, మెడ పక్కకు వంచి, దేనికోసమో చెవి పెట్టేది. "ఏంది వదినె?" అని నేనంటే, "ఏం లేదు శోభా. తన్నినట్లైంది" అనేది. యాభై దాటిన ఆడది, ముట్టు కూడా ఆగిపోయిన ఆడది, కడుపులో తన్నినట్టైందని అంటే మీకెట్లా ఉంటుంది? పట్టపగలే ఆమె పక్కన కూర్చోవడానికి భయపడేవాళ్ళు ఉన్నారు. గాలి సోకిందనే మాట అట్లా పుట్టింది.

దీపను నర్సంపేటలో ఇచ్చారు. అల్లుడు రాకేష్‌ది మొబైల్ రిపేర్ దుకాణం. నెమ్మదస్తుడే గానీ నోట్లో నాలుక లేదు, అంతా వాళ్ళమ్మ శారద చెప్పినట్టే నడుస్తుంది. మొదటి కాన్పు పుట్టింట్లో కావాలి కదా, దీప తల్లి దగ్గరకు వచ్చింది. అప్పటి నుంచి కట్టమ్మ కంటికి కునుకు లేదు. పిల్ల అటు ఒరిగితే "ఏమైంది", ఇటు ఒరిగితే "ఏమైంది". ఫ్యాను గాలి బాగా తగులుతుందని మంచాన్ని మా గోడకు ఆనించి వేసింది. పుట్టబోయే బిడ్డకని ఒక్క గుడ్డముక్క కొననివ్వలేదు. ముందే కొనకూడదన్నది అందరి పట్టింపే గానీ, ఈమె మరీ ఫోనులో ఉయ్యాల బొమ్మ చూసినా గుంజుకునేది.

చివరి నెలలో ఎవరికైనా ఉండేవే దీపకూ ఉన్నాయి. పొట్ట కిందికి దిగింది. ఊపిరి కొంచెం సులువైంది గానీ గడియకోసారి బాత్రూముకు పోవలసి వచ్చేది. కాళ్ళు వాచి చెప్పులు పట్టక తల్లి చెప్పులు తొడుక్కుంది, అవీ పట్టలేదు. అన్నం నాలుగు ముద్దలు దిగితే గుండెల్లో మంట. పడుకుంటే నడుము, కూర్చుంటే తొడలు. ఉన్నట్టుండి పొట్ట రాయిలా గట్టిపడేది, కాసేపటికి మళ్ళీ వదులయ్యేది. అవి ఉత్తుత్తి నొప్పులు, అసలువి వస్తే ఆగకుండా పెరుగుతూ పోతాయని ఆశా కార్యకర్త శ్రావణి వచ్చి చెప్పింది. "నీళ్ళు పోయినా, నెత్తురు కనబడ్డా, కండ్లు మసకలు కమ్మినా ఆగొద్దు. బిడ్డ తిరుగుడు తగ్గినా ఆగొద్దు అక్కా" అని చెప్పి ఫోన్ నంబరు ఇచ్చి పోయింది. చిన్న పిల్ల గానీ మంచి పిల్ల.

కట్టమ్మకు ఆ చివరి మాట ఒక్కటే వినిపించింది. దీప మధ్యాహ్నం గాఢంగా నిద్రపోయి లేచి "తిరిగినట్లు లేదే" అందో లేదో, కట్టమ్మ ఆటో పిలిచింది. దవాఖానలో మిషన్ పెట్టి చూస్తే బిడ్డ గుండె గుర్రంలా కొట్టుకుంటోంది. ఇంకోసారి కూడా అంతే. నర్సు ఏమీ అనలేదు, "అనుమానముంటే మల్ల రాండ్రి" అని కూడా అంది. అన్నది మన వాళ్ళే. శారద నర్సంపేట నుంచి ఫోన్లో, స్పీకర్ పెట్టించి మరీ, గల్లీ అంతా వినేటట్టు అంది.

"ఏంది వదినె, పిల్లను బండ్లేసుకొని తిప్పుతానవు? నెలలు నిండినంక లోపల జాగ ఉండది. తిరుగుడు తగ్గుతది. గా సంగతి ఎవలకు తెల్వదు? పాము కరిసినోనికి తాడు సూసినా భయమే అన్నట్లున్నది నీ కత. నీ భయం నా కోడలికి అంటియ్యకు."

పుండు మీద కారం చల్లడమంటే అదే. దీపకు తల కొట్టేసినట్టైంది. "అమ్మా, ఇంకోసారి ఉత్తగనే దవాఖాన అంటివా, నా మీద ఒట్టే, నేను నర్సంపేట పోయి కంట" అంది. కన్నకూతురు కడుపు మీద చేయి పెట్టుకుని ఒట్టు వేస్తే ఏ తల్లి దాటుతుంది? ఆ రోజు నుంచి కట్టమ్మ అడగడం తగ్గించింది. చూపు మాత్రం ఎటు పోయినా పిల్ల పొట్ట మీదే.

ఆ పొద్దున సంగతి చెబుతాను. ఫంక్షన్ హాల్ వాళ్ళ ఆర్డరు నెత్తి మీద ఉంది. తెల్లవారకముందే గల్లీలో మగ్గాలన్నీ మొదలయ్యాయి. నేను ఇంట్లో కండెలు చుడుతున్నాను. కట్టమ్మ మా గుమ్మంలో వచ్చి నిలబడింది. చేతుల నిండా సబ్బు నురగ.

"అన్నా, జర మగ్గం ఆపు."

యాదగిరికి వినిపించలేదు. నాకు వినిపించింది, వినిపించి మండింది. "పొద్దుగాల పొద్దుగాల ఏం మాయరోగం వదినె నీకు? సాయంత్రం ట్రాలీ వస్తది. మాల్ ఇయ్యకపోతే సేటు మమ్ముల బతకనిస్తడా? మగ్గం చప్పుడు ఇయ్యాల కొత్తగ వినబడ్డదా?"

"బిడ్డ తిరుగుతాందని దీప అంటాంది. చెయ్యి పెట్టి సూసిన. తిరుగుతాంది."

"మంచిగాయె! తిరిగినా బాధేనా నీకు?"

"ఆగకుంట తిరుగుతాంది శోభా. మీ మగ్గం కొట్టినప్పుడల్ల తిరుగుతాంది. మంచం కాడ గిలాసల నీళ్ళు గూడ గట్లనే కదులుతానయి. నువ్వు ఇద్దరిని కన్నవు గదా, నువ్వు చెప్పు. బిడ్డ తాళం తప్పకుంట తన్నుతదా?"

చేతిలో కండె చేతిలోనే ఉండిపోయింది. లేచి వెళ్ళి యాదగిరి భుజం తట్టాను. పలక ఆగింది.

ఇద్దరం గోడ అవతలికి వెళ్ళాం. దీప మంచం మీద ఎడమ పక్కకు ఒరిగి ఫోను చూస్తోంది. "ఏందత్తా నువ్వు గూడ?" అని విసుక్కుంది. నేను ఏదో నవ్వు మొహం పెట్టి పొట్ట మీద చేయి వేశాను. మెల్లగా, లోపల ఎవరో వేలితో పొడిచినట్టు, తగిలింది. మళ్ళీ తగిలింది. నా ప్రాణం లేచి వచ్చింది. "ఇగో, తిరుగుతాంది గదా వదినె! ఊకె నా పని చెడగొట్టినవు" అన్నాను.

కట్టమ్మ నా మొహం చూడలేదు. కిటికీలో స్టీలు గ్లాసు వైపు చూస్తోంది. నీళ్ళు చిన్నగా వణుకుతున్నాయి.

"అది ఉప్పలయ్య మామ మగ్గం" అంది.

అని బయటికి నడిచింది. నేను వెనకే పరుగెత్తాను. ఉప్పలయ్య మామకు డెబ్బై దాటాయి. మంచివాడే గానీ ముక్కు మీద కోపం. గుంటలో కూర్చుని లయగా కొడుతున్నాడు. కట్టమ్మ రెండుసార్లు పిలిస్తే తల ఎత్తాడు. సంగతి విని పలక ఆపకుండానే అన్నాడు:

"నీ పిచ్చి నీ ఇంట్ల పెట్టుకో బిడ్డా. పని నడుస్తాంటె మగ్గం ఆపుతరా? ఎవడు సచ్చిండని ఆపాలె?"

ఆమె వంగి, సాగదీసి కట్టిన నిలువు పోగుల మధ్యలోకి, సరిగ్గా పలక వచ్చి పడే చోట, మోచేయి దాకా చేయి పెట్టింది. మా వాళ్ళలో ఒకరి మగ్గం మీద ఉన్న పోగుల్లో ఇంకొకరు చేయి పెట్టడమంటే తింటున్న పళ్ళెంలో ఉమ్మినట్టే. ఉప్పలయ్య మామ కళ్ళు ఎర్రబడ్డాయి.

"కొట్టు మామా. నా చెయ్యి మీదికెల్లే కొట్టు" అంది కట్టమ్మ.

చేయి తీయడం లేదు. ముసలాయన పలకను వదిలేశాడు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు.

రెండిళ్ళలో చప్పుడు ఆగేసరికి ఎదురింటి రాయమల్లు మగ్గం దానంతట అదే ఆగింది. ఆ పక్కది ఆగింది. ఆ పై గల్లీలోవి ఒకటొకటిగా ఆగిపోయాయి. ఇంతమంది ఉన్న వాడలో అంత నిశ్శబ్దం నేను పాండురంగం అన్న పోయిన రోజే విన్నాను. తలుపులు తెరుచుకున్నాయి. నెత్తి మీద కొంగులు కప్పుకుని ఆడవాళ్ళు బయటికి వచ్చారు.

"ఎవలు పోయిండ్రు?"

"ఎవలింట్ల? ఎవలు పోయిండ్రే?"

ఆ మాట గడపగడపా దాటుకుంటూ కట్టమ్మ ఇంటి ముందుకు వచ్చింది. కిటికీ తెరిచే ఉంది. దీప వింది. మేం లోపలికి వెళ్ళేసరికి ఆ పిల్ల ఫోను పక్కన పడేసి లేచి కూర్చుని ఉంది, రెండు అరచేతులూ పొట్ట మీద ఆనించి. గ్లాసులో నీళ్ళు కదలడం లేదు.

"పక్కకు ఒరుగు బిడ్డా" అంది కట్టమ్మ. ఒరిగింది. చల్లటి నీళ్ళు తాగించాం. చక్కెర నోట్లో వేశాం. నేను పొట్టను అటూ ఇటూ మెల్లగా కదిలించాను. బయట ఎవరో పిల్లవాడు ఏడుస్తుంటే నోరు మూయించారు. నా చేతి కింద పొట్ట వెచ్చగా ఉంది, నిండుగా ఉంది, కదలిక మాత్రం లేదు. ఎంత భయమేసిందో నాకు మాటల్లో రాదు. నా ఇద్దరు పిల్లల తల మీద ప్రమాణం చేసి చెబుతున్నాను, మనిషి శవం ముందు కూర్చున్నప్పుడు కూడా నాకంత భయం వేయలేదు.

"అమ్మా" అంది దీప. "తిరుగుతలేదే. రాత్రి గూడ తిరగలేదేమో. నేను తిరుగుతాందనుకున్ననే. అమ్మా!"

ఒట్టు లేదు, గిట్టు లేదు. యాదగిరి చెప్పులు కూడా లేకుండా ఉరికి ఆటో తెచ్చాడు. దీపను నడుమ కూర్చోబెట్టుకుని అటొకరం ఇటొకరం పట్టుకున్నాం. గల్లీ పొడుగునా జనం రెండు పక్కలా నిలబడి దారి ఇచ్చారు, పాడెకు ఇచ్చినట్టే ఇచ్చారు. నాకు ఒళ్ళు మండింది. "ఏం సూస్తాండ్రు? పోయి మగ్గాలు నడుపుకోండ్రి! ఎవ్వలు పోలే!" అని అరిచాను. అరిచానే గానీ, నా మాట మీద నాకే నమ్మకం లేదు.

దారి పొడుగునా దీప ఏడుస్తూనే ఉంది. కట్టమ్మ ఏడవలేదు. కూతురి పొట్ట మీద చేయి తీయకుండా, పెదాలు కదుపుతూ ఏదో అంటోంది. దేవుణ్ణి మొక్కుతోందనుకున్నాను. చెవి దగ్గర పెడితే వినిపించింది. "తీస్కపోకురా. నీకు దండం పెడ్త. దాన్ని తీస్కపోకు కొడుకా." మొహం చూడని ఆ పిల్లవాడితో మాట్లాడుతోంది. నేను ఇటు తిరిగి రోడ్డు చూశాను.

దవాఖానలో మిషన్ పెట్టారు. ఇదివరకు గుర్రంలా వినిపించిన గుండె ఇప్పుడు ఆగి ఆగి కొట్టుకుంటోంది. డాక్టరమ్మ చిన్న వయసుది, ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. ఎవరో సంతకం పెట్టించుకున్నారు, ఎవరో దీప గాజులు తీశారు, స్ట్రెచర్ లోపలికి వెళ్ళిపోయింది. రాకేష్‌కు నేనే ఫోన్ చేశాను. "మా అమ్మను అడిగి..." అని మొదలుపెట్టాడు. "మీ అమ్మ సంగతి నేను సూసుకుంట, నువ్వు ముందు బండెక్కు" అన్నాను.

కట్టమ్మ ఆపరేషన్ గది గుమ్మం పక్కన నేల మీద కూర్చుంది. కుర్చీ చూపిస్తే వద్దంది. ఆ కాసేపు ఎట్లా గడిచిందో చెప్పలేను. లోపల నుంచి ఇనుప సామాన్ల చప్పుడు, నర్సుల మాటలు వినిపిస్తున్నాయి. బిడ్డ ఏడుపు వినిపించదు. కట్టమ్మ మెడ పక్కకు వంచి, ఎప్పుడూ పెట్టేటట్టే చెవి పెట్టింది. నాకు ఆమె వైపు చూడాలంటే భయం, చూడకుండా ఉండాలన్నా భయం.

ఆఖరికి ఏడ్చింది. ముందు పిల్లి కూతంత, తర్వాత గొంతు విప్పి గట్టిగా. ఆడపిల్ల. నేను ఎగిరి కట్టమ్మను పట్టుకుని ఊపేశాను. "విన్నవా వదినె! విన్నవా! నా తల్లే, నా బంగారమే!" ఆమె తల ఊపింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.

డాక్టరమ్మ బయటికి వచ్చి మాస్కు తీసింది. "పాప బాగుంది. మాయ నుంచి రక్తం సరిగ్గా అందలేదు, అందుకే తిరుగుడు ఆగింది. రెండు రోజులు అద్దాల పెట్టెలో ఉంచుతాం. ఇంకొంచెం లేటైతే మన చేతుల్లో ఉండేది కాదు. ఎవరు గుర్తుపట్టారు?"

నేను కట్టమ్మను చూపించాను. మగ్గాల సంగతి మొత్తం చెప్పాను, చేయి పెట్టిన సంగతితో సహా. డాక్టరమ్మ ఆశ్చర్యపోయింది. "చాలా మంచి పని చేశారమ్మా. చివర్లో జాగా తక్కువై తన్నే తీరు మారుతుందేమో గానీ తిరగడం ఆగదు. మనవాళ్ళు తగ్గడం మామూలే అనుకుని కూర్చుంటారు" అంది.

కట్టమ్మ గోడ పట్టుకుని లేచి నిలబడింది. "డాక్టరమ్మా, ఒక్క మాట. లోపల బిడ్డ పోయినంక గూడ, గట్ల దెబ్బ తగిలితే, తిరుగుతాందనే అనిపిస్తదా తల్లికి?"

"అనిపిస్తుందమ్మా. నీళ్ళలో ఉంటుంది కదా, బయట అదిరితే లోపల ఒరుగుతుంది. తల్లికి తన్నినట్టే ఉంటుంది."

"తోలు ఊడాల్నంటె ఎన్ని దినాలు కావాలె?"

డాక్టరమ్మ కొంచెం తేరిపార చూసింది. "ఎన్నో అక్కర్లేదు. ఒక రోజు దాటితే చాలు, మొదలవుతుంది. ఎందుకడుగుతున్నారు?"

"ఉత్తగనే" అంది కట్టమ్మ.

డాక్టరమ్మ వెళ్ళిపోయింది. ఆమె తప్పేమీ లేదు, అడిగినదానికి చెప్పింది. నేను మాత్రం అక్కడే నేల మీద కూర్చున్నాను. కట్టమ్మ నా పక్కన కూర్చుంది. వరండాలో బాలింతలు, వాళ్ళ వాళ్ళు, టిఫిన్ క్యారియర్లు, ఎవరి గోల వాళ్ళది. ఆమె చాలాసేపు తన ఒట్టి పొట్ట మీద చేయి పెట్టుకుని కూర్చుంది. చెవి మాత్రం పెట్టలేదు.

"జర సేపు ఆపితే తెలుస్తుండె గదా శోభా" అంది. "ఇయ్యాల తెలిసినట్లే. మగ్గం జర సేపు ఆపితే తెలుస్తుండె. వాడు నేస్తాండని నవ్వుకుంట కొట్టిన."

గల్లీలో ఎవరికైనా నోరుతో జవాబు చెప్పగలదాన్ని నేను. నీ తప్పు కాదు వదినె అందామనుకున్నాను. ఆ రోజుల్లో ఎవరికి తెలుసు అందామనుకున్నాను. ఆమె చేయి పట్టుకున్నాను. పొద్దున పోగుల్లో ఒరుసుకుపోయిన చేయి, గీతలు గీతలుగా ఎర్రగా ఉంది.

రాకేష్ వచ్చాడు, వెనకే వాళ్ళమ్మ. శారద ఏమనుకుందో ఏమో, కట్టమ్మ ముందు నిలబడి రెండు చేతులూ జోడించింది. ఇంతలో లోపల నుంచి నర్సు కేకేసింది. "దీప తరఫున ఎవరు? ఆమెకు మెలకువ వచ్చింది. అమ్మ కావాలంటాంది, అమ్మ రావాలె."

కట్టమ్మ లేచింది. కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది, జుట్టు సర్దుకుంది. రెండడుగులు వేసి నా దగ్గరకు వెనక్కి వచ్చింది.

"దీపకు చెప్పకు" అంది. "నొప్పులల్లనే పోయిండు వాడు. దానికి గంతే ఎర్క. గట్లనే ఉండనియ్యి."

అని లోపలికి వెళ్ళింది.